201వ యూనిట్ ఖరీదు ఎంత? కరెంటు బిల్లు వెనక లెక్క

హైదరాబాద్‌లో ఒక ఇంట్లో నెలకు 200 యూనిట్లు కాలితే ఎనర్జీ చార్జీ, అంటే వాడిన యూనిట్లకి పడే సొమ్ము, 820 రూపాయలు. పక్కింట్లో 201 కాలితే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కి 207 రూపాయల 70 పైసల తేడా. మీటరు దూకిందనో, బిల్లు మెషిన్ తప్పు కొట్టిందనో అనుకుంటారు చాలామంది. కానీ అది కరెంటు రేట్లు ఖరారు చేసే టారిఫ్ ఆర్డర్‌లో రాసి ఉన్న లెక్కే. అదే 201వ యూనిట్‌కి విజయవాడలో పడేది 6 రూపాయలు.

కరెంటు బిల్లు మీద జనం ఎక్కువగా అడిగేది "యూనిట్ ఎంత?" అని. ఈ ప్రశ్నకి సూటి జవాబు లేదు. యూనిట్ ధర మీరు ఎన్ని యూనిట్లు వాడారన్న దాన్ని బట్టి మారుతుంది, అది ఎలా మారాలన్నది రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు రకాలుగా రాసుకున్నారు. ఈ తేడా పట్టుకుంటే బిల్లులో ముప్పావు వంతు అర్థమైపోయినట్టే.

తెలంగాణలో ఇళ్ల రేట్లు 2022 ఏప్రిల్‌లో యూనిట్‌కి 50 పైసలు పెరిగాయి, 2025-26లో కూడా అవే నడిచాయి. నెల వాడకం 100 యూనిట్ల లోపు ఉంటే మొదటి 50కి 1.95, తర్వాతి 50కి 3.10. వాడకం 100 దాటి 200 లోపు ఉంటే ఆ చవక రేట్లు మొత్తం పోయి, మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80 పడతాయి. 200 దాటితే మళ్లీ మొదటికొస్తుంది వ్యవహారం: ఒకటో యూనిట్ నుంచి 200వ యూనిట్ దాకా అన్నింటికీ 5.10, ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9, 800 వరకు 9.50, అది కూడా దాటితే 10 రూపాయలు. అంటే గడప దాటితే అప్పటిదాకా వాడిన యూనిట్ల ధర కూడా వెనక్కి వెళ్లి మారిపోతుంది. 100 దగ్గరా ఇదే తంతు. 100 యూనిట్లకి 252.50, 101కి 344.80. ఇక్కడ ఒక్క యూనిట్ 92 రూపాయల 30 పైసలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ దాకా ఇలాంటి ఏ, బీ, సీ గ్రూపులే ఉండేవి. అప్పుడు వాటిని తీసేసి అందరికీ ఒకే మెట్ల వరస పెట్టారు. మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. దీన్నే టెలిస్కోపిక్ పద్ధతి అంటారు. ఎంత వాడినా కింది మెట్ల రేటు కింది మెట్లకే ఉంటుంది, పై మెట్టు రేటు పైన వాడిన యూనిట్లకే పడుతుంది. 225 దాటితే 226వ యూనిట్‌కి 8.75, అంతే, వెనకవాటిని ఎవరూ కదిలించరు. ఏసీ ఇంకో గంట నడిపితే ఎంత అవుతుందో వేళ్ల మీద లెక్క వేసుకోవచ్చు.

ఏది న్యాయం అంటే నా ఓటు మెట్ల పద్ధతికే. కాకపోతే ఆ మార్పు ఉచితంగా రాలేదన్నది కూడా చెప్పుకోవాలి. గ్రూపులు తీసేసిన అదే ఆర్డర్‌లో ఆంధ్రలో రేట్లు పెరిగాయి, పెరిగింది కూడా వింతగా పెరిగింది: 30 లోపు వాడే మెట్టు మీద 45 పైసలు, 76 నుంచి 125 మెట్టు మీద రూపాయి 40, 126 నుంచి 225 మీద రూపాయి 57, కానీ 400 పైన వాడే మెట్టు మీద 55 పైసలే. దానికి తోడు రెండు ఏసీలున్న ఇంటికి కూడా మొదటి 30 యూనిట్లు 1.90కే దొరుకుతాయి. భారం ఎక్కువ పడింది ఒక ఫ్రిజ్, రెండు మూడు ఫ్యాన్లు, వేసవిలో కూలరు ఉండే మధ్యతరగతి కొంప మీద. ఏమాటకామాట, తెలంగాణ పద్ధతి వెనక ఉన్న ఆలోచన పేదవాడికి చవకగా ఇచ్చి ఎక్కువ వాడేవాడికి ఆ చవక అందకుండా చేయడమే. ఆలోచన తప్పు కాదు, దాన్ని అమలు చేయడానికి గోడ కట్టడమే ఇబ్బంది.

రెండు రాష్ట్రాల ఎనర్జీ చార్జీ పక్కపక్కన పెడితే అంత పెద్ద తేడా ఏమీ కనిపించదు. 150 యూనిట్లకి ఆంధ్రలో 567, తెలంగాణలో 580. 300కి అక్కడ 1,673, ఇక్కడ 1,790. 100 దగ్గర తెలంగాణ చవక, 252 చాలు, ఆంధ్రలో 304 అవుతుంది. గోడల దగ్గర మాత్రమే తెలంగాణ బిల్లు ఒక్కసారిగా ఎగురుతుంది.

ఆ గోడకి 2024లో ఇంకో అంతస్తు వేశారు. గృహజ్యోతి పథకం కింద రేషన్ కార్డు ఉన్న ఇళ్లకి నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు, ఆ ఏడాది మార్చి నుంచి అమలు. 200 లోపు సున్నా, 201 అయితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. 2 కిలోవాట్ల లోడు ఉన్న ఇల్లు అనుకుందాం. 201 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 1,027.70, ఫిక్స్‌డ్ చార్జీ 20, కస్టమర్ చార్జీ 100, ఎలక్ట్రిసిటీ డ్యూటీ 12. కలిపితే 1,160 రూపాయల దగ్గర తేలుతుంది. నిన్నటిదాకా సున్నా. నెలాఖరున పిల్లలు ఫ్యాన్ ఆపకుండా బడికి వెళ్లిపోతే ఇంట్లో గొడవ ఎందుకవుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది. ఢిల్లీలో 2019 నుంచి 200 దాకా ఉచితం ఉన్నా, 201 నుంచి 400 వరకు సగం రాయితీ పెట్టారు, అంటే పడిపోయేవాడికి కింద ఒక మెట్టు ఉంచారు. ఇక్కడ అదీ లేదు.

ఈ గోడ వల్లే మీటరు రీడింగ్ తేదీ మీద ఇంత టెన్షన్. రీడింగ్ తీసేవాళ్లు 30 రోజులకి రావలసింది 34 రోజులకి వస్తే, రోజుకు 6 యూనిట్లు కాలే ఇంట్లో 180 కాస్తా 204 అవుతుంది. ఈ రేట్ల మెట్లనే స్లాబులంటారు, అవి నెలకి రాసినవి కాబట్టి రోజులు పెరిగితే స్లాబు హద్దులు కూడా ఆ మేరకు పెంచి లెక్క వేయాలి. వేశారో లేదో చూడాలంటే బిల్లు మీద గత రీడింగ్ తేదీ, ఇప్పటి రీడింగ్ తేదీ రెండూ ఉంటాయి, మధ్య రోజులు లెక్కపెట్టుకోండి, దానికి పెద్ద చదువు అక్కర్లేదు. 2020లో లాక్‌డౌన్ వల్ల రీడింగులు ఆగిపోయి, తర్వాత కొన్ని నెలల వాడకం ఒకేసారి బిల్లుగా వచ్చినప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ రేగిన గోల అంతా ఈ స్లాబు లెక్క గురించే. నెలకి ఇంత చొప్పున పంచి లెక్క వేశామని డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, అన్నాయి. కానీ చలికాలం ముగిసిన మార్చినీ, ఎండలు మండే మేనీ కలిపి సగటు తీస్తే మార్చిలో పొదుపుగా వాడినవాడు కూడా పై స్లాబులోకి పోతాడు కదా అని జనం అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

ఒకే ఇంట్లో రెండు మీటర్లు పెట్టించుకునే అలవాటు కూడా ఇక్కడి నుంచి వచ్చిందే. కింద ఓనరు, పైన అద్దెకున్నవాళ్లు, ఇద్దరికీ కలిపి ఒకే మీటరు ఉంటే 320 యూనిట్లు, విడివిడిగా ఉంటే ఒక్కొక్కరికి 160. వేరు కాపురం, వేరు పోర్షన్ ఉంటే రెండో మీటరు అడగడంలో తప్పేం లేదు. సబ్ మీటరు పెట్టి, యూనిట్‌కి 10 రూపాయలు అని నోటిమాటగా వసూలు చేసే ఓనర్లకి మాత్రం ఇది నచ్చదు. పైన చెప్పిన రేట్లలో ఇంటికి 10 రూపాయల రేటు పడేది 800 యూనిట్లు దాటాకే అన్నది గుర్తుంచుకోండి, ఈసారి ఓనరుతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. సొంత మీటరు లేకపోతే అద్దెకున్నవాళ్లకి జీరో బిల్లూ రాదు.

బిల్లులో మిగతా లైన్లు చిన్నవి. ఫిక్స్‌డ్ చార్జీ ఇళ్లకి రెండు రాష్ట్రాల్లోనూ కిలోవాట్‌కి 10 రూపాయలు, మీరు రాయించుకున్న లోడు మీద పడుతుంది, తెలంగాణలో 800 యూనిట్లు దాటే ఇళ్లకి మాత్రం 2024లో దాన్ని 50 చేశారు. కస్టమర్ చార్జీ అంటే మీటరు చూడటం, బిల్లు ఇవ్వడం లాంటి ఖర్చులకి. డ్యూటీ ప్రభుత్వానికి పోయేది, ఇళ్లకి యూనిట్‌కి 6 పైసలు. వీటి మీద బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిన పని లేదు.

అసలు తలనొప్పి సర్దుబాటు చార్జీలు. ఆంధ్రలో ఈ మాట వింటేనే జనానికి మండుతుంది. రేట్లు చూస్తే ఏళ్ల తరబడి పెరగలేదు, బిల్లు చూస్తే పెరుగుతూనే ఉంది, ఇదేం మాయ అని. మాయ ఏమీ లేదు, ఉన్నదల్లా కాలం తేడా.

డిస్కం ప్రతి ఏడాదీ నవంబరు చివరికల్లా వచ్చే ఏప్రిల్ నుంచి ఎంత కరెంటు కొనాలి, ఎంత ఖర్చవుతుంది, ఎంత వసూలవుతుంది అని ఒక అంచనా వేసి విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తుంది. మండలి అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణ పెట్టి, రేట్లు ఖరారు చేస్తుంది. ఆ అంచనా వేసేనాటికి వానలు ఎలా పడతాయో, శ్రీశైలం, సాగర్‌లో ఎంత జలవిద్యుత్తు వస్తుందో, బొగ్గు ఎంతకి దొరుకుతుందో ఎవరికీ తెలియదు. డిస్కం ఖర్చులో సింహభాగం కరెంటు కొనుగోలే కాబట్టి బొగ్గు కొరత వచ్చి, కరెంటు కొనే, అమ్మే మార్కెట్ అయిన ఎక్స్చేంజ్‌లో యూనిట్ 12 రూపాయలకి కొనాల్సి వస్తే, అంచనా తలకిందులవుతుంది. 2022లో అదే జరిగింది. ఎక్స్చేంజ్ ధరలు 20 రూపాయల గరిష్ఠాన్ని తాకాక ఆ ఏప్రిల్‌లో కేంద్ర నియంత్రణ సంస్థ 12 దగ్గర కట్టడి పెట్టాల్సి వచ్చింది. ఎక్కువైన ఆ ఖర్చుని తర్వాత లెక్క తేల్చి జనం దగ్గర వసూలు చేయడమే ట్రూఅప్. ఇంధనం, కొనుగోలు ఖర్చుల వరకు అయితే ఎఫ్‌పీపీసీఏ అని బిల్లు మీద వేరే లైను వస్తుంది.

ఆంధ్రలో ఎంతదాకా వచ్చిందో చూడండి. 2014 నుంచి 2019 దాకా ఐదేళ్ల నెట్‌వర్క్ ఖర్చుల తేడా 2,910 కోట్లు, 2022 ఆగస్టు నుంచి వాయిదాల్లో వసూలు. 2022-23కి సంబంధించిన ఇంధన సర్దుబాటు 6,072 కోట్లు, 2024 చివర్లో ఆర్డర్ వచ్చింది, 15 నెలల వసూలు. 2023-24ది 9,412 కోట్లు, దాని వెనకే, 24 నెలల వసూలు. ఇవి కాక, 2023 ఏప్రిల్ నుంచి ఏ నెల భారం ఆ నెలే తీసుకోవచ్చంటూ యూనిట్‌కి 40 పైసల వరకు నెలనెలా వేసుకునే వీలు కల్పించారు. 2022 డిసెంబరులో కేంద్రం మార్చిన నిబంధనల ప్రకారమే ఇది, ఆలస్యం చేసి వడ్డీలతో కలిపి నెత్తిన వేసే బదులు వెంటవెంటనే తీసుకోమని. 200 యూనిట్ల ఇంటికి 40 పైసలంటే నెలకు 80 రూపాయలు.

నెలనెలా వసూలు చేసే ఈ పద్ధతి మీద కోపం ఎక్కువ, కానీ పాత బకాయిల పద్ధతి కంటే ఇదే మేలు. ఎందుకంటే పాత పద్ధతిలో రెండేళ్ల కిందట ఆ సర్వీసు మీద నమోదైన యూనిట్లని బట్టి ఇప్పుడు వేస్తారు. ఆ రెండేళ్లలో ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయి ఉంటారు. వాళ్లు వాడిన కరెంటుకి కొత్తగా దిగినవాళ్లు కట్టాలి. ఎవరో తిని పోయిన విస్తరి ఇంకొకరితో ఎత్తించినట్టు. నెలనెలా తీసుకుంటే కనీసం వాడినవాడే కడతాడు, పైగా ఖర్చు తగ్గితే వెనక్కి కూడా వస్తుంది. వచ్చింది కూడా: 2024-25కి లెక్క తేలాక 923 కోట్లు ఎక్కువ వసూలైందని మండలి తేల్చి, 2025 నవంబరు నుంచి ఏడాది పాటు యూనిట్‌కి 13 పైసలు తగ్గించమంది. దీన్ని ట్రూడౌన్ అంటున్నారు. అలాంటి మాట బిల్లులో కనిపించడం అరుదు కాబట్టి చెప్పుకోవలసిందే.

మరి తెలంగాణలో ఈ గోల ఎందుకు లేదు? ఖర్చు పెరగక కాదు. 2023 మార్చిలో తేలిన 12,718 కోట్ల ట్రూఅప్‌ని తామే భరిస్తామని అప్పటి ప్రభుత్వం చెప్పింది, అందుకని బిల్లులోకి రాలేదు. బిల్లులోకి రాకపోతే ఖర్చు మాయమైపోదు, ఖజానా మీదకి పోతుంది, ఖజానా సమయానికి ఇవ్వకపోతే డిస్కం అప్పుల్లోకి పోతుంది. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఏ వర్గానికైనా రాయితీ ఇస్తామన్న ప్రభుత్వం ఆ సొమ్ము ముందుగానే కట్టాలి. చట్టంలో మాట అది, ఆచరణలో సంగతి డిస్కంల అప్పుల పద్దు చూస్తే తెలుస్తుంది.

యూనిట్ సరఫరాకి సగటున 7 రూపాయల దగ్గర ఖర్చవుతుంటే 1.90కి ఎలా ఇస్తున్నారన్న ప్రశ్నకి జవాబు కూడా ఇదే. కొంత ప్రభుత్వ రాయితీ, కొంత ఫ్యాక్టరీలు, దుకాణాలు, ఆఫీసులు ఎక్కువ రేటు కట్టడం వల్ల వచ్చే మిగులు. దీన్ని క్రాస్ సబ్సిడీ అంటారు. కాబట్టి ఇంటి బిల్లులో మిగిలిన రూపాయి టిఫిన్ సెంటర్ ఇడ్లీ ధరలో కొంత తిరిగి వస్తూనే ఉంటుంది. ఇది మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. రేట్లు పెంచడం ఇక్కడ ఎంత ప్రమాదకరమైన పనో 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు వ్యతిరేక ఉద్యమం మీద జరిగిన కాల్పుల తర్వాత ఏ ప్రభుత్వమూ మర్చిపోలేదు. రేటు ముట్టుకోకుండా సర్దుబాటు పేరుతో ఎందుకు తీసుకుంటారన్నదానికి సగం సమాధానం అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఏడాదికోసారి ఏసీడీ (అదనపు వినియోగ డిపాజిట్) అని ఒక లైను వచ్చి భయపెడుతుంది. అది చార్జీ కాదు, డిపాజిట్. మీరు వాడేసిన తర్వాత బిల్లు కడతారు కాబట్టి, దాదాపు రెండు నెలల బిల్లుకి సరిపడా సొమ్ము డిస్కం దగ్గర ఉంచాలి. నిరుడు వాడకం పెరిగితే ఈ ఏడు ఆ తేడా అడుగుతారు. దాని మీద బ్యాంక్ రేటు ప్రకారం వడ్డీ ఇవ్వాలి, చట్టంలోనే ఉంది, బిల్లులో తగ్గింపుగా వస్తుంది. వచ్చిందో లేదో చూసుకునేవాళ్లు తక్కువ. ఇల్లు అమ్ముకునేటప్పుడు ఈ డిపాజిట్ సంగతి కూడా మాట్లాడుకోవాలి, చాలామంది వదిలేస్తారు.

ఇక బిల్లు తగ్గించుకోవడం. స్లాబుల్లో చివరి యూనిట్లే ఖరీదైనవి కాబట్టి తగ్గించిన ప్రతి యూనిట్ పై రేటు నుంచే తగ్గుతుంది. 75 వాట్ల పాత ఫ్యాన్ రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. అదే గాలి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ ఇస్తే 11 యూనిట్లు. మూడు ఫ్యాన్లు మారిస్తే 48 యూనిట్లు తగ్గుతాయి. తెలంగాణలో 240 దగ్గర ఆడే ఇల్లు 192కి దిగితే ఎనర్జీ చార్జీ 1,328 నుంచి 782కి పడుతుంది. ఆంధ్రలో అదే తగ్గింపుకి 1,148 నుంచి 819, అంటే 330 దాకా మిగులుతుంది. ఇంటి మీద సోలార్ పెట్టినా ఇదే సూత్రం. సోలార్ కరెంటుని వాడకంలోంచి తీసేసి బిల్లు వేసే నెట్ మీటరింగ్‌లో ముందు తగ్గేది పై స్లాబు యూనిట్లే, అందుకే 400 వాడే ఇంటికి సోలార్ లాభం, 90 యూనిట్లు వాడే ఇంటికి అంతగా గిట్టదు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఉన్నా సరే, ముందు పన్నెండు నెలల పాత బిల్లులు తీసి చూసుకోవాలి.

బిల్లు నిజంగానే తేడాగా అనిపిస్తే మొదట ఇంట్లో మెయిన్ ఆఫ్ చేసి మీటరు దగ్గర నిలబడండి. కరెంటు కాలుతున్నంతసేపూ మీటరు మీద ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది, చాలా మీటర్ల మీద ఒక యూనిట్‌కి అది ఎన్నిసార్లు మిణకాలో కూడా రాసి ఉంటుంది, 3200 అనో, ఇంకో అంకె అనో. మెయిన్ ఆఫ్‌లో ఉండగా కూడా అది మిణుకుతోందంటే మీటరు నుంచి మెయిన్ దాకా ఎవరైనా వైరు తగిలించుకున్నారేమో, మీటరులోనే లోపం ఉందేమో చూడాలి. ఆన్ చేసి అన్ని స్విచ్చులూ ఆపినా మిణుకుతుంటే ఇంటి వైరింగ్‌లో లీకేజీ. అప్పటికీ తేలకపోతే ఫీజు కట్టి మీటరు టెస్టింగ్ అడగొచ్చు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఆఫీసులో పని కాకపోతే ప్రతి డిస్కంకీ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది, తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు, లాయరు అక్కర్లేదు. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు సర్వీసు నంబరు, కనీసం ఏడాది బిల్లులు, మీటరు రీడింగ్ తేదీతో తీసిన ఫోటో తీసుకెళ్లండి.